నట్టు విప్పడానికి ముందు

అనువాదకుని ఇంటికి కవిత్వం పట్టుకొని వచ్చేవారు తక్కువ. మందు పెట్టెలో మడిచిపెట్టిన కాగితం, బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం, కుట్టుమిషనుతో పాటు ఇచ్చిన చిన్న పుస్తకం, ఇటువంటివి తెచ్చేవారే ఎక్కువ. ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకొన్న నేను ఇరవై ఏళ్లుగా ఇవి కూడ తెలుగు చేస్తూనే ఉన్నాను. కాని ఒక వాక్యంలో ఏ మాట ముందు, ఏ మాట వెనుక అన్నది ఒక మనిషి ముఖాన్ని కాపాడగలదని ఈ మధ్యనే, సూరత్‌లో మా అక్కగారి ఇంటి ముందు తెలిసింది.

సూరత్‌లో లింబాయత్, ఉధనా ప్రాంతాలకు వెళితే తెలుగు మాట తరచు చెవిన పడుతుంది. తెలంగాణ జిల్లాల నుంచి ఎన్నో పద్మశాలి కుటుంబాలు మరమగ్గాల పని వెతుక్కుంటూ వచ్చి అక్కడ స్థిరపడ్డాయి. మా బావ సిరిసిల్లలో నేత నేర్చుకొని, సూరత్ మరమగ్గాల నడుమ తల నెరిసినవాడు. మేనల్లుడు గుజరాతీలో చదువుకొని, ఒక బట్టల దుకాణంలో లెక్కలు చూస్తున్నాడు. వాడి ప్రాణమంతా ఒక పాత చిన్న కారు మీద ఉంది.

ఆ కారు ముందు చక్రాల డంపర్లు నూనె కారి పనికిరాకుండా పోయాయి. నలుగురు ఎక్కితే ప్రతి స్పీడు బ్రేకరు దగ్గర అడుగుభాగం రాసుకొనేది. వాడు కూడబెట్టిన డబ్బుతో ఎత్తు సవరించుకొనే కాయిలోవర్లు కొని, ఇంటి ముందే స్వయంగా బిగించడానికి సిద్ధపడ్డాడు. నేను వెళ్లేసరికి చేతిలో పానా, పక్కన ఆంగ్లంలో అచ్చయిన సూచనల కాగితం.

కాయిలోవర్ అంటే పెద్ద వింత కాదు. కారు బరువును మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగిసలాటను అణచేది నూనె నిండిన డంపరు. డంపరు చుట్టూ స్ప్రింగును అమర్చి రెంటినీ ఒకే కట్టగా చేయడం పాత పద్ధతే. అమెరికను ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ పేరు మీద వ్యాపించిన స్ట్రట్‌లో ఉన్నదీ ఇదే. మన దేశంలో 1983లో వచ్చిన మారుతి 800 ముందు చక్రాలకూ అదే అమరిక. మేనల్లుడు కొన్న రకంలో విశేషమేమిటంటే, డంపరు ఒంటికి బోల్టుకు ఉన్నట్లు మరలు ఉంటాయి. వాటి మీద తిరిగే కంకణం స్ప్రింగుకు పీట. దానిని పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. కదలకుండా మరొక కంకణంతో బిగిస్తారు.

పాత స్ట్రట్ అప్పటికే కారు నుంచి ఊడి గోనెపట్టా మీద పడుకొని ఉంది. దాని నెత్తిన ఉన్న రబ్బరు పీటను తీసి కొత్తదానికి వేసుకోవాలి. ఆ పీటను పట్టి ఉంచేది నడిమి నట్టు. మేనల్లుడు దాని మీద పానా వేసి రెండు చుట్లు తిప్పాడు కూడ.

"అరే, ఆగు!" అన్నాడు బావ గడపలో నుంచి. "బిగువు మీద ఉన్న పడుగును ఎవడన్న ఒక్కసారి వదులుతడా?"

బావకు కారు సంగతి తెలియదు. కాని లోహపు చుట్టలు దగ్గరగా నొక్కుకొని ఉండడం ఆయన చూశాడు. "మామా, కాయితంల తియ్యమనే ఉన్నది, జర చూడు" అన్నాడు మేనల్లుడు నా వైపు తిరిగి. చూశాను. పుట చివరి పంక్తిలో నడిమి నట్టును తీయవలసిందని ఉంది. పుట తిప్పాను. స్ప్రింగును కంప్రెసరుతో నొక్కి పట్టిన పిమ్మట, అని ఆ వాక్యం మరుసటి పుటలో ముగిసింది!

ఆంగ్లంలో పని ముందు వచ్చి, షరతు వెనుక రావచ్చు. సాధారణంగా మన వాక్యంలో షరతు ముందు, క్రియ చివర. 'స్ప్రింగును నొక్కి పట్టిన తరువాతనే నట్టు తీయవలెను' అని రాస్తే, చదివేవాడి చేయి సరియైన వరుసలోనే కదులుతుంది. ఇది భాషల గొప్పతనం పోల్చే మాట కాదు. పని చెప్పే వాక్యం పని నడిచే వరుసలోనే నడవాలని మాత్రమే.

ఆ నట్టు ఊడి ఉంటే ఏమయ్యేదో లెక్క కష్టం కాదు. స్ప్రింగు ఎంత నొక్కితే అంత ఎదురు తోస్తుందన్న సూత్రాన్ని ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1676లో అక్షరాలు తారుమారు చేసి ఒక చిక్కుముడిగా ప్రకటించి, 1678లో విప్పి చెప్పాడు. ఒక మిల్లీమీటరు నొక్కడానికి రెండున్నర కిలోల బరువు కావలసిన స్ప్రింగును 100 మిల్లీమీటర్లు నొక్కి బిగిస్తే, అది 250 కిలోల బలంతో తోస్తూ ఉంటుంది. దానిని ఆపేది ఆ ఒక్క నట్టే.

దగ్గరి గ్యారేజీ నుంచి కంప్రెసరు అద్దెకు తెచ్చారు. రెండు కొక్కేలను స్ప్రింగుకు ఎదురెదురుగా తగిలించి, ఇటు కొంచెం, అటు కొంచెం బిగించి, పై పీట చేతికి వదులుగా ఆడినప్పుడే నట్టు తీశారు.

తరువాత కాగితం నా చేతికి వచ్చింది. అందులో స్ప్రింగుకు ముందుగా ఇచ్చే ఒత్తిడిని తెలిపే మాట దగ్గర ఆగిపోయాను. నిఘంటువు తోడు రాలేదు. "తొలి బిగువు అను" అన్నాడు బావ. పాత మరమగ్గంలో పడుగు బీముకు తాడు చుట్టి, బరువులు వేలాడదీసి బిగువు నిలుపుతారు. నేత సాగేకొద్దీ బీము మీద నూలు తరుగుతుంది. బరువు అలాగే ఉంచితే బిగువు పెరిగి పోగులు తెగుతాయి; నేతగాడు కనిపెట్టి సవరిస్తూ ఉండాలి. రెండు పక్కలా బిగువు సమంగా లేకపోతే బట్ట వంకర పోతుంది. కాయిలోవరుకు చెప్పవలసినదంతా ఆయన మగ్గంలోనే ఉంది. 'తొలి బిగువు' అనే రాశాను.

ఆ సాయంత్రం నేను చదివి వినిపించిన వరుస ఇది. నేల చదునుగా ఉండాలి. లేపని చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీ లేపడానికే, కారును నిలిపేది స్టాండ్లు. జాకీ ఒక్కదానినే నమ్మి కారు కిందికి వెళ్లరాదు. బ్రేకు భాగాన్ని దాని గొట్టానికి వేలాడనీయక, తాడుతో కట్టి ఉంచాలి. కుడి ఎడమ కంకణాల ఎత్తును స్కేలుతో కొలిచి సమం చేయాలి. రబ్బరు బుష్‌లున్న కీళ్ల బోల్టులను కారు బరువు చక్రాల మీద పడిన తరువాతనే చివరి బిగింపు బిగించాలి. లేకుంటే రబ్బరు మెలిపడి త్వరగా చెడుతుంది. కొంత దూరం నడిపి, ఎత్తు తిరిగి కొలిచి, బోల్టులు సరిచూసుకోవాలి. ఎత్తు మారితే చక్రాల కోణాలూ మారతాయి కనుక అలైన్‌మెంటు తప్పదు. హెడ్‌లైట్ల చూపునూ సరిదిద్దాలి.

ఇంకొక షరతు ఆ కాగితంలో లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదంటుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీనినే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు, ఒక్కొక్కదానికి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే నిబంధన ఆ ఏడాది సవరణతో వచ్చింది. కనుక రవాణా కార్యాలయంలో అడగడమూ నట్టు విప్పడానికి ముందు పనే. ఈ సంగతి చెప్పగానే మేనల్లుని ముఖం చిన్నబోయింది. ఒక పక్క బిగించిన కారును స్టాండ్ల మీదనే వదిలి, మరునాడు వెళ్లి అడిగి వచ్చిన తరువాతనే రెండో పక్క మొదలుపెట్టాడు. కారును కిందికి దించుకోవాలన్న సరదా మానుకొని, మొదటి ఎత్తుకే సరిచేశాడు. వానాకాలంలో నీళ్లు నిలిచే సూరత్ వీధులకు అదే మేలు కూడ.

వచ్చేటప్పుడు నా తెలుగు కాగితాన్ని వాడికిచ్చాను. తెలుగు లిపి వాడికి రాదు. బావ చదువుతుంటే వింటూ, వాడు దాని మీద గుజరాతీలో అంకెలు వేసుకొన్నాడు. నడిమి నట్టు వాడి లెక్కలో ఏడవది. దాని ముందు ఆరు ఉన్నాయి.