పర్జీకి అంత తీరిక లేదు

1885లో ధమ్తరి బడిపంతులు హీరాలాల్ కావ్యోపాధ్యాయ ఛత్తీస్‌గఢీకి వ్యాకరణం రాశాడు. సూత్రాలతో ఆగలేదు, జనం చెప్పుకునే కథల్నీ పాటల్నీ కూడా అందులోనే చేర్చాడు. భాషాశాస్త్రవేత్త గ్రియర్సన్ 1890లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. రాయ్‌పూర్ చుట్టుపక్కల భాష గురించి ఏం రాయాలన్నా నేటికీ అక్కడినుంచే మొదలుపెట్టాలి.

ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో వ్యాకరణం ఒక శాఖది, కథ మరో శాఖది. జర్మనీలోనూ ఇదే జరిగింది. 1846లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జర్మన్ పండితుల తొలి సభకు అధ్యక్షుడైన యాకోబ్ గ్రిమ్, తమ్ముడితో కలిసి జానపద కథలు పోగుచేశాడు, వ్యాకరణం రాశాడు, మహానిఘంటువు మొదలుపెట్టాడు. తర్వాత జర్మన్ భాషాసాహిత్యాల చదువు మధ్యయుగ సాహిత్యం, ఆధునిక సాహిత్యం, భాషాశాస్త్రం అని మూడు పాయలైంది. 1966 మ్యూనిక్ సభలో తమ విద్యలోని జాతీయవాదాన్ని ఆ పండితులే నిలదీసుకున్నారు (మన శాఖల్లో అలాంటి సభ ఎప్పుడో!). మరుసటి ఏడాది సాహిత్య సిద్ధాంతకర్త యౌస్ సాహిత్య చర్చలో పాఠకుణ్ణి ముందుకు తెచ్చాడు. ఆపైన నిర్మాణవాదం, సంస్కృతి అధ్యయనాలు వచ్చాయి. జర్మన్ భాషకు మాత్రం ఏమీ కాలేదు. నిఘంటువుంది, బడి ఉంది, కోట్లమంది మాట్లాడుతున్నారు.

బస్తర్‌లో ధుర్వా ఆదివాసులు మాట్లాడే పర్జీకి అంత బలం లేదు. తెలుగులాగే అదీ ద్రావిడ భాషే. పండితులు బరో, భట్టాచార్య 1953లో వ్యాకరణం, కథలు, పదకోశం కలిపి ఒకే పుస్తకంగా వేశారు. ఇక లెక్కలు చూడండి. 2001 జనగణనలో దేశం మొత్తం మీద పర్జీ మాట్లాడేవాళ్లు 51,216 మంది, 2011లో 52,349. పెరుగుదల 2.2 శాతం. అదే పదేళ్లలో ఛత్తీస్‌గఢ్ జనాభా 22.6 శాతం పెరిగింది. మాతృభాష పేరు చెప్పే తీరు మారుతుంటుంది కాబట్టి ఈ అంకెల్ని అక్షరాలా నమ్మనక్కర్లేదు. కొంత తేడా ఆ లెక్కన కొట్టేసినా, ఇంత అంతరం మిగలడం మామూలు విషయం కాదు. 2011లో 1.62 కోట్లమంది మాట్లాడిన ఛత్తీస్‌గఢీనైతే జనగణన హిందీ కింద కలిపేసింది. దాని ఒడిదుడుకులు హిందీ మొత్తం అంకెలో కనిపించవు.

సాహిత్య శాఖకు పర్జీలో అచ్చయిన సాహిత్యం కావాలి. భాషాశాస్త్రానికి వాక్యాలు చాలు, కథ అక్కర్లేదు. ఈ రెంటి మధ్యా పర్జీ జారిపోతోంది. కథలు రికార్డు చేసి, ఆ కథల మీదే వ్యాకరణం కట్టిన పరిశోధనను రెండు శాఖలూ ఒకే పిహెచ్‌డిగా ఒప్పుకోవాలి. కథ తెలిసిన ముసలివాళ్లు ఉండగానే.