దమ్ము చక్రాలు మార్చుకునే జాగా చూపించండి

ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల కలెక్టర్లకు,

సార్వా, దాళ్వా దమ్ముల రోజుల్లో, అంటే నాట్లకు ముందు పొలాన్ని బురదగా దున్నేటప్పుడు, ట్రాక్టర్లు ఇనుప చక్రాలతోనే తారు రోడ్డెక్కుతున్నాయి. బురదలో రబ్బరు టైరు జారిపోతుంది. ఇనుప పట్టీల చక్రం మట్టిని పట్టి బండిని లాగుతుంది. రోడ్డు మీద అవే పట్టీలు బండి బరువంతా సన్నని అంచులపై మోపి తారును పెళ్లగిస్తాయి. ఆ గాట్లలోకి వాన నీరు దిగుతుంది. అడుగున నల్లరేగడి ఉంటే రోడ్డే కుంగిపోతుంది.

ఇలా రోడ్డెక్కిన బండికి జరిమానా వేయడం తేలిక. కానీ డ్రైవరు వైపు నుంచి కూడా చూడండి. చక్రం విప్పాలంటే జాకీ, గట్టి నేల, తోడు మనిషి కావాలి. కాలవ గట్టు రోడ్డు మీద బండి ఆపే చోటేదీ?

మన పిల్లలెందరో కార్లు నడిపే కాలిఫోర్నియాలో, సియెర్రా నెవాడా కొండల మీద మంచు పడితే టైర్లకు గొలుసులు వేసుకోమంటారు. వేసుకోవడానికీ, విప్పడానికీ రోడ్డు పక్కనే జాగా ఉంటుంది. గొలుసులతో వెళ్తే గంటకు 25 లేదా 30 మైళ్లు (సుమారు 40 లేదా 48 కిలోమీటర్లు) దాటకూడదు. మంచు లేని రోడ్డు వచ్చాక విప్పెయ్యాలి, లేకపోతే టైరూ రోడ్డూ రెండూ పాడవుతాయి.

తాడేపల్లిగూడెం పల్లపు ఊళ్లలో, కొల్లేటి చుట్టుపక్కల ఆయకట్టులో అలాంటి జాగాలే కావాలి. ఊరికొక కాంక్రీటు దిమ్మ, పొలంలోకి వాలు దారి, చక్రాలు మోసే ట్రక్కు తక్కువ అద్దెకు. దాళ్వా దమ్ములకు ముందే ఇవి చేయించండి.

ఇట్లు,
ఒక డెల్టా రైతు