ఒక మీటరు – నాలుగు పొయ్యిలు

మాది వంశధార కాలువ కింద రెండున్నర ఎకరాల సంసారం. కాలువలో నీళ్ళు తగ్గిన ఏడు ఊళ్ళో వంతులు వేసుకుంటారు. ఎవరి మడికి ఎంతసేపు నీరు పారిందో గట్టు మీద నిలబడ్డ పసివాడు కూడా చెప్పగలడు. చదువు కోసం విశాఖ వచ్చాక తెలిసింది, పట్నంలో కరెంటుకీ వంతులున్నాయని. ఆ లెక్క మాత్రం ఎవరికీ కనపడదని!

మేం ముగ్గురు విద్యార్థులం అద్దెకున్న మేడలో నాలుగు పోర్షన్లు, మీటరు ఒక్కటే. నెల తిరిగేసరికి ఇంటాయన వచ్చి "మీ వంతు ఇంత" అంటారు. బిల్లు కాగితం మా కంటబడలేదు. సంక్రాంతికి పదిహేను రోజులు గదికి తాళం వేసి వెళ్ళినా మా వంతు రూపాయి తగ్గలేదు. అడిగితే, "మోటారు నీళ్ళు, మెట్ల లైటు వాడుకోరా బాబూ?" అన్నారు. వాడుకుంటాం, కాదనం. కాని మేం లేని రోజుల్లో తిరిగిన ఫ్యాను ఎవరిది?

అసలు కిటుకు వేరే ఉంది. కరెంటు ధర బెల్లం ధరలా ఒకటే కాదు, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 టారిఫ్ ప్రకారం ఇళ్ళకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, ఆపైన 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. ఒక్కో పోర్షన్ నెలకు 75 యూనిట్లు వాడిందనుకోండి. ఎవరి మీటరు వారికుంటే ఇంటికి 192 రూపాయలు. నాలుగిళ్ళూ ఒకే మీటరు మీద 300 యూనిట్లు కాల్చితే 1673 రూపాయలు, అంటే ఇంటికి 418! మిగతా చార్జీలు దీనికి అదనం. వెలిగినవి అవే దీపాలు, ధర మాత్రం రెట్టింపు దాటింది. తక్కువ వాడే పేదవాడికి తక్కువ ధర పడాలనే కదా ఈ మెట్లు? ఒకే మీటరు కింద చేరేసరికి నలుగురు పేదలు కలిసి ఒక ధనవంతుడైపోతున్నారు!

ఇంటి యజమానులందరూ దోపిడీదారులని నేననను. ఆ పై మెట్టు బిల్లు వాళ్ళకి నిజంగానే వస్తుంది. కొందరు సబ్ మీటర్లు పెట్టించారు, మంచిదే. ఎవరు ఎంత వాడారో అది చెబుతుంది. మెట్టు మాత్రం దించదు.

మొన్న ఫోన్లో మా నాన్న, "కరెంటుకే ఇంతయితే ఇంకేటి తింతన్నావురా?" అని అడిగాడు. ఏం చెప్పను? నిజానికి ఆ నెల రాత్రి భోజనం చాలాసార్లు అరటిపళ్ళతో సరిపెట్టుకున్నాను.

మిత్రులారా! గది కుదుర్చుకునేటప్పుడు అద్దెంత అని అడుగుతాం. మీటరు ఎవరిదని అడగం. ఇకనైనా అడుగుదాం. పోర్షనుకో మీటరు, మోటారుకీ మెట్ల లైటుకీ వేరే మీటరు ఉండాలి. అది కుదిరేదాకా నెలనెలా బిల్లు కాగితం గోడకు అంటించాలి. ఈ రెండు మాటలూ ఇంటి యజమానుల ముందు పెట్టే బాధ్యత మన యూనియన్ తీసుకోవాలి. మా ఊరి గట్టు మీద పసివాడికి తెలిసే లెక్క, డిగ్రీ చదివే మనకి తెలియకపోతే ఎలా?

– బి.ఎస్సి. ఫైనలియర్ విద్యార్థి