చీటీ వెనక: మన రాష్ట్రం ఓటు విలువ

2024 నవంబరులో అమెరికా ప్రెసిడెంటు ఎన్నిక జరిగిన వారం మన సభ్యుల్లో యెవరింటికి వెళ్ళినా పెన్సిల్వేనియా మాటే. ఆ రాష్ట్రానికి 19 ఎలక్టోరల్ ఓట్లనీ, గెలిచినవారికి మొత్తం 19 పోతాయనీ స్కూలు పిల్లలు కూడా అప్పజెప్పారు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ప్రతి ఇంట్లోనూ ఒక తమ్ముడో మరదలో న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో వున్నారు. అయితే మన రాష్ట్రపతి ఎన్నికలో మన రాష్ట్రం ఫలితం యేమిటని అడిగితే మాత్రం అందరూ మొహమొహాలు చూసుకున్నారు. "మనకి రాష్ట్రం వారీగా ఫలితం వుంటుందా అమ్మా?" అన్నారు ఒక పెద్దాయన. వుంటుందండీ. చాలా రుచిగా వుంటుంది కూడా.

2022 జూలై 18న పోలింగు జరిగింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 మందికి 173 మంది ఓటు వేశారు. పెట్టె తెరిస్తే 173 ఓట్లూ శ్రీమతి ద్రౌపది ముర్ముగారికే, యశ్వంత్ సిన్హాగారికి సున్నా. ఉప్పూ నిప్పూలా వుండే జగన్‌మోహన్ రెడ్డిగారి పార్టీ, చంద్రబాబుగారి పార్టీ, ఒకే పేరు పక్కన 1 అంకె వేశాయి. అదే రోజు హైదరాబాదులో ఓటేసినవారిలో 113 మంది సిన్హాగారికి వేస్తే, ముర్ముగారికి వచ్చినవి మూడు. ఎనిమిదేళ్ళ కిందటిదాకా ఒకే శాసనసభగా వున్నవాళ్ళ సంగతి ఇది! ఈ ఎన్నికలో ఎం.పి.లకి ఆకుపచ్చ చీటీ, ఎం.ఎల్.ఏ.లకి గులాబీ రంగు చీటీ ఇస్తారు. గులాబీ రంగు గురించి తెలంగాణ మిత్రులకి నేను చెప్పనక్కరలేదు.

అమెరికాలోలాగ గెలిచినవారికి రాష్ట్రం మొత్తం ధారపోసే నియమం మనకి లేదు. ఓటు రహస్యం, పార్టీలు విప్ జారీ చేయడానికి వీల్లేదు. అయినా ఆంధ్రాలో 173కి 173! (1969లో ఇంతకన్నా చిత్రం జరిగింది. వి.వి. గిరిగారు, నీలం సంజీవరెడ్డిగారు, పోటీపడ్డ ఇద్దరూ తెలుగువారే. మొదటి లెక్కలో యెవరికీ చాలినన్ని రాక, రెండో ప్రాధాన్యం ఓట్లు కలిపాక గిరిగారు గట్టెక్కారు. 1977లో సంజీవరెడ్డిగారు యేకగ్రీవం కాబట్టి పోలింగే లేదు.)

సరే, 173 ఓట్లంటే నిజానికి 173 కాదు. 27,507. ఆంధ్రప్రదేశ్ ఎం.ఎల్.ఏ. ఒక్కొక్కరి ఓటు విలువ 159. తెలంగాణవారిది 132, ఉత్తరప్రదేశ్‌ది 208, సిక్కింది 7. రాష్ట్ర జనాభాని ఎం.ఎల్.ఏ.ల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ వెయ్యితో భాగిస్తే ఈ విలువ వస్తుంది. ఇంతవరకు అయిదో తరగతి లెక్కే.

కాని యే జనాభా? ఇక్కడే వుంది తమాషా. 1971 జనాభా! ఇప్పటి ఆంధ్రప్రదేశ్ హద్దుల్లో ఆనాడు వున్నవాళ్ళు 2 కోట్ల 78 లక్షలు, తెలంగాణలో 1 కోటి 57 లక్షలు. అప్పటికి మా నాన్నగారు అమలాపురంలో హైస్కూలు నిక్కర్లలో వున్నారు. 2022లో ముర్ముగారికి పడ్డ ఓట్ల విలువలో ఆయన వున్నారు, మా తాతగారు వున్నారు, యెప్పుడో పోయిన మా నాయనమ్మ కూడా వుంది. ముప్ఫయ్యేళ్ళు దాటిన నేను లేను. మన సభ్యుల్లో అరవై నిండినవారు తప్ప చాలామంది లేరు.

ఇలా యెందుకు చేశారంటే అది నా వృత్తికి సంబంధించిన కథ. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ఈ సంఖ్యని కదలకుండా కట్టేసింది. రాష్ట్రాలవారీగా లోక్‌సభ సీట్ల వాటాని కూడా ఆ 1971 గుంజకే కట్టింది. కుటుంబ నియంత్రణ శ్రద్ధగా చేసిన రాష్ట్రం, జనం తగ్గి పలుకుబడి పోగొట్టుకోకూడదని ఉద్దేశం. 2001లో 84వ సవరణ ఆ కట్టుని 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వెలువడేదాకా పొడిగించింది.

కాకినాడలో హౌస్ సర్జన్సీ చేసేటప్పుడు నన్ను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వేశారు. కు.ని. శిబిరం రోజున వరండా నిండా చాపలు, వాటిమీద మత్తు పూర్తిగా వదలని ఆడవాళ్ళు, పక్కన చంటిపిల్లల్ని యెత్తుకున్న అమ్మమ్మలు. ఇరవై రెండేళ్ళకే ఇద్దరు పిల్లలు పుట్టి ఆపరేషనుకి వచ్చిన అమ్మాయిలు యెందరో. మగవాళ్ళు గేటు బయట బీడీలు కాల్చుకుంటూ వుండేవారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని కనే వయసులో వున్న వివాహితల్లో నూటికి దాదాపు 70 మంది ఆపరేషను చేయించుకున్నవారే. ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు 1.7. ఉత్తరప్రదేశ్‌లో 2.4. దీన్ని మనవాళ్ళ సాధన అని ఉపన్యాసాల్లో చెప్పుకుంటాం. ఆ సాధన చాపలమీద పడుకున్నది వాళ్ళు. ప్రతిఫలంగా రాష్ట్రానికి దక్కిన హామీ యేదన్నా వుంటే ఈ 1971 కట్టు ఒక్కటే.

అది విప్పితే యేమవుతుంది? ఎం.ఎల్.ఏ.ల సంఖ్య మార్చకుండా 2011 జనాభాతో నేను కాగితంమీద వేసి చూశాను. ఉత్తరప్రదేశ్ ఓటు విలువ సుమారు 496 అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌ది సుమారు 283. యు.పి. ఎం.ఎల్.ఏ. ఓటు ఇప్పుడు ఆంధ్రా ఓటుకి ఒకటింపావు పైచిలుకు వుంటే, అప్పుడు ఒకటిముప్పావు అవుతుందన్నమాట. తెలంగాణకి సుమారు 294, అంటే ఆంధ్రాని దాటిపోతుంది! హైదరాబాదు చుట్టూ చేరిన జనం మహిమ. ఆ చేరినవాళ్ళలో సగం మా కోనసీమవాళ్ళే అని మా ఆయన అంటారు. ఆయన కరీంనగర్ మనిషి, ఆ మాటకి నేను పూచీ కాదు.

ఇక మన సంగతి. 2001లోను, 2011లోను నన్ను ఇంట్లో లెక్కపెట్టారు. ఆ రెండు లెక్కలూ దీనికి పనికిరాలేదు. 2021లో జరగవలసినది కోవిడ్ వల్ల ఆగింది. తరవాతి జనగణనకి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ అని 2025 జూన్‌లో ప్రకటించారు. పనికి వచ్చే లెక్క అదే. లెక్కపెట్టే రోజులన్నీ దేశం బయట గడిపినవాళ్ళని మాత్రం మన జనగణన రాసుకోదు. ఆ రోజుల్లో ఇక్కడ బనియాస్‌లో నేను బి.పి.లు చూస్తూ వుంటాను.

ముసఫా వర్క్‌షాపునుంచి షుగరు చూపించుకోవడానికి వచ్చే జగిత్యాల వైపు ఆయన ఒకరున్నారు. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే. ఈ మాట చెపితే, "అట్లయితే మా వూర్ల సగం మగోళ్ళు లేనట్టే గద డాక్టరమ్మా!" అన్నాడు. నేనేం చెప్పను?

ఈ గొడవ అమెరికాలో ఒక రాష్ట్రం ఇదివరకే పడింది. యూటాలో మార్మన్ మతస్థులు ఎక్కువ. వారి పిల్లలు పదివేలకి పైగా మతప్రచారానికి విదేశాల్లో వుండగా 2000 జనగణన వచ్చింది. వాళ్ళని లెక్కవెయ్యలేదు. వెయ్యిమంది లోపు తేడాతో యూటాకి రావలసిన కాంగ్రెసు సీటు నార్త్ కరోలినాకి పోయింది. సీటుతో పాటే ఎలక్టోరల్ ఓటూ పోయింది. అందుకే 2004, 2008 ఎన్నికల్లో యూటా ఫలితం ఆరుకి బదులు అయిదు. విదేశాల్లో వున్న సైనికుల్ని సొంత రాష్ట్రం లెక్కలో వేసినప్పుడు మా పిల్లలు చేసిన పాపమేమిటని కోర్టుకి వెళ్ళారు, నెగ్గలేదు. 2010 లెక్క తరవాత ఆరోది దక్కిందంటే, జనం పెరిగి దక్కింది.

మన విషయంలో అంత నాటకం జరగదు. ఆంధ్రా ఎం.ఎల్.ఏ. ఓటు విలువ ఒక్కటి పెరగాలంటే 1,75,000 మంది కావాలి, తెలంగాణలో 1,19,000 మంది. 2022లో గెలుపోటముల మధ్య తేడా 2,96,626. గల్ఫువాళ్ళు రాష్ట్రపతిని మార్చలేరు. కాని లోక్‌సభ సీట్లు పంచుకునేటప్పుడు కొద్దిపాటి జనంతో ఒక సీటు అటో ఇటో మొగ్గవచ్చునని యూటా చూపించింది.

సైనికుల్ని లెక్కవేయడానికి వాళ్ళు చెప్పే కారణం, పేరూ ఊరూ ప్రభుత్వ రికార్డులో వుంటాయని. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుమీద ఈ దేశానికి పనికి వచ్చే ప్రతి మనిషీ ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకునే విమానం ఎక్కాలి. అతని పేరూ, పాస్‌పోర్టు నంబరూ ఢిల్లీలో వున్నాయి. పైగా ఇక్కడ మనకి పౌరసత్వం వచ్చేది కాదు. వీసా అయ్యాక అందరం తిరిగి వెళ్ళేవాళ్ళమే. కాబట్టి సొంత జిల్లా లెక్కలో వేయమని అడగడం అత్యాశ కాదని నా అభిప్రాయం. ఇంట్లో లేనివాళ్ళకి రేషనూ, బళ్ళూ, ఆస్పత్రి మంచాలూ అక్కర్లేదు, లెక్క దేనికని మా ఆయన వాదం. అదీ కొట్టిపారేయదగ్గది కాదు. మన కార్యవర్గం దీన్ని వచ్చే సమావేశంలో పెడతామంది. అభిప్రాయాలు రాసి పంపేవారు దయచేసి ఒక పేజీకి మించనివ్వకండి, కాగితం ఖర్చు గురించి సంపాదకులు గొణుగుతున్నారు.