ములుగులో కూలిన చెట్లు, ఎనుమాములలో రేకుల కప్పులు

2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి–మేడారం అడవిలో వీచిన పెనుగాలి, తొలి అంచనాల ప్రకారమే, సుమారు 500 ఎకరాల్లో 50 వేల దాకా చెట్లను కూల్చివేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచెత్తుతుండటంతో, ప్రాణనష్టం లేని ఈ ఘటన కొన్ని రోజులు గడిస్తే గానీ రాష్ట్రం దృష్టికి రాలేదు. వచ్చాక కూడా అది టోర్నడోనా కాదా అన్న వాదనే మిగతా ప్రశ్నలన్నిటినీ వెనక్కి నెట్టింది. గాలి ఊళ్ల వైపు మళ్లకపోవడం సమ్మక్క సారలమ్మల చలవేనని మంత్రి సీతక్క అన్నారు. విశ్వాసం సంగతి ఎలా ఉన్నా, ఆ మాట వెనుక పాలనకు సంబంధించిన ప్రశ్న ఒకటి ఉంది: అక్కడికి వంద కిలోమీటర్ల లోపే ఉన్న వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు మీద, అదీ మిర్చి బస్తాలు నిండి ఉన్న వేళ, అటువంటి గాలి దిగి ఉంటే ఆ నష్టాన్ని ఎవరు, ఏ పద్ధతిలో నమోదు చేసేవారు?

గాలి వెళ్లిపోయాక దాని స్వభావం చెప్పగలిగేది అది వదిలిన శిథిలాలే. టోర్నడో అంటే ఉరుముల మేఘం అడుగు నుంచి నేల దాకా నిలువుగా తిరిగే గాలి స్తంభం. అది సాగిన దారి సన్నగా, పొడవుగా ఉండి, ఆ దారిలో చెట్లు లోపలి వైపు మొగ్గి, ఒకదానికొకటి అడ్డంగా పడతాయి. మేఘంలోని చల్లని గాలి ఒక్కసారిగా కిందికి కుంగి నేలను తాకి చుట్టూ చెదిరిపోవడం మరో రకం. దీన్ని డౌన్‌బర్స్ట్ అంటారు. గచ్చు మీద బిందెడు నీళ్లు కుమ్మరిస్తే అవి పరుచుకున్నట్టే, ఇందులో చెట్లు కేంద్రం నుంచి బయటికి, వరుస తప్పకుండా ఒరుగుతాయి. ఈ తేడాను కనిపెట్టిన వాతావరణ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజితా 1945లో అణుబాంబు పడిన నాగసాకిలో చెట్లు నక్షత్రాకారంలో విరిగిపడిన తీరును చూసినవారు. 1974 ఏప్రిల్‌లో అమెరికాను చుట్టుముట్టిన టోర్నడోల తర్వాత విమానం నుంచి అడవులను పరిశీలిస్తే అదే నక్షత్రాకారం ఆయనకు మళ్లీ కనిపించింది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఒక విమానం కూలినప్పుడు కారణం డౌన్‌బర్స్టేనని ఆయన వాదించగా, మొదట చాలామంది నమ్మలేదు.

ములుగు గాలి వేగాన్ని అధికారులు గంటకు 120–130 కిలోమీటర్లుగా అంచనా వేశారు. నష్టాన్ని బట్టి వేగాన్ని లెక్కగట్టడానికి అమెరికా 2007 నుంచి వాడుతున్న సవరించిన ఫుజితా కొలమానంలో ఇది అన్నిటికన్నా కింది మెట్టు. అయినా ఇంత నష్టం జరిగిందంటే, వానకు నాని పట్టు వదిలిన నేలలో పైపైనే పాకిన వేళ్లున్న చెట్లు మోస్తరు వేగానికే కూలి ఉండాలి, లేదా అసలు వేగం ఆ అంచనాను మించి ఉండాలి. దీన్ని రాడార్ తేల్చిచెప్పడం కష్టం. హైదరాబాద్ రాడార్‌కు తాడ్వాయి 200 కిలోమీటర్లకు పైగా దూరం కాబట్టి, అర డిగ్రీ వాలుతో వెళ్లే కిరణం, భూమి వంపు కూడా కలిసి, అక్కడికి చేరేసరికి నేలకు దాదాపు నాలుగు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఎనుమాముల మీద కూడా ఆ ఎత్తు రెండు కిలోమీటర్లకు తగ్గదు.

టోర్నడోలు బెంగాల్, ఒడిశా, బంగ్లాదేశ్‌ల సమస్యేనన్న ధీమాలో కొంత నిజం లేకపోలేదు. అయితే 1978లో ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంతం, 2009లో ఒడిశాలోని రాజకనిక, 2024లో జల్పాయిగురి జిల్లాలోని మైనాగురి, మూడూ దెబ్బతిన్నది మార్చి రెండో సగంలోనే. ఎనుమాములకు మిర్చి పోటెత్తేది, తెలంగాణలో ఈదురుగాలులు, వడగళ్లు మొదలయ్యేది కూడా ఆ రోజుల్లోనే. ఇక్కడ భయపడాల్సింది సుడి తిరిగే గాలి కంటే డౌన్‌బర్స్ట్‌కే ఎక్కువ. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి 60 కిలోమీటర్ల గాలి 120కి చేరితే ఒత్తిడి నాలుగింతలవుతుంది. పైగా పక్కగోడలు లేని షెడ్డులో రేకును పైనుంచి గాలి లాగుతుంటే కింది నుంచి లోపలికి దూరిన గాలి తోస్తుంది. ఊడిన రేకు గాలిలో ఎగిరే కత్తి అవుతుందన్న సంగతి హమాలీలకు, తూకం వేసే దడవాయిలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వారు, రాత్రంతా బస్తాల పక్కనే పడుకునే రైతులు తలదాచుకోవడానికి నాలుగు గోడల గట్టి గది ఎక్కడుందన్నది టార్పాలిన్ల సరఫరా కంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

అడవిలో కూలిన చెట్టు నెలల తరబడి పడిన దిక్కునే ఉంటుంది గానీ, యార్డులో బస్తాలను తెల్లారకముందే సర్దేస్తారు, రేకులను ఏరేస్తారు, విరిగిన స్తంభాలను విద్యుత్ సిబ్బంది మార్చేస్తారు. ఇవన్నీ జరగాల్సిన పనులే, కాకపోతే వాటితోపాటే సాక్ష్యమూ పోతుంది. తొలి ఇరవై నాలుగు గంటల్లో ప్రతి శకలం పడిన దిక్కును, దూరాన్ని ఫొటోలతో నమోదు చేసే చిన్న బృందం చాలు. సివిల్ ఇంజనీరింగ్ విభాగం ఉన్న వరంగల్ ఎన్‌ఐటీ ఈ నగరంలోనే ఉన్నందున, ఇది మార్కెట్ కమిటీ, రెవెన్యూ శాఖలతో కలిసి తలపెట్టగలిగిన పనే.

నమోదు లేకపోవడం వల్ల మొదట నష్టపోయేది పరిహారం అడిగే మనిషి. 2021–26 కాలానికి విపత్తు సహాయ నిధి కింద కేంద్రం గుర్తించిన పన్నెండు విపత్తుల్లో తుపాను, వడగళ్లు, కుంభవృష్టి ఉన్నాయి గానీ, తుపానుతో సంబంధం లేని పెనుగాలి లేదు. అటువంటి వాటిని స్థానిక విపత్తుగా ప్రకటించి, నిధిలో పది శాతం వరకు ఖర్చు చేసే వీలు రాష్ట్రాలకు ఉంది. ఆ వీలును వాడుకోవాలంటే గాలి ఏ దారిన వచ్చింది, ఎంత వేగంతో వచ్చింది, దేన్ని కూల్చింది అన్నది ఫైలులో ఉండాలి. వడగళ్లకు మిర్చి తడిసిన రైతు చెప్పుకోవడానికి ఆ జాబితాలో ఒక పేరుంది. షెడ్డు కప్పు లేచిపోయి బస్తాలు కొట్టుకుపోయిన రైతు మాత్రం తన నష్టం ఏ పద్దు కిందికి వస్తుందో తేలేదాకా కార్యాలయాల చుట్టూ తిరగాలి.