జీతమే కాదు, షిఫ్టూ అడగండి

బాలాపూర్ చుట్టూ కొలువుల తీరు మారింది. ఆదిభట్లలో ఐటీ, విమాన విడిభాగాల పరిశ్రమలు, శంషాబాద్‌లో విమానాశ్రయం, గోదాములు, డెలివరీ పనులు. వీటిలో చాలావాటికి రాత్రి షిఫ్టులు తప్పవు. ఏళ్ల తరబడి రాత్రి మేలుకుంటే బీపీ, షుగర్ ముప్పు పెరుగుతుంది. అందుకే ఓపీకి వచ్చే యువతను ముందుగా ‘ఏ షిఫ్టు?’ అని అడుగుతాను.

పిల్లలకు ఉద్యోగం రాగానే జీతమెంతని అడుగుతాం. షిఫ్టు ఎన్నాళ్లకు మారుతుంది, ఈఎస్‌ఐ ఉందా అని కూడా అడగండి. ఈఎస్‌ఐ వర్తించే సంస్థలో నెల జీతం రూ.21,000 వరకు ఉన్నవారు 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడితే, ఉద్యోగితో పాటు కుటుంబానికీ వైద్యం అందుతుంది. డెలివరీ పని చేసేవారిలో చాలామందికి ఆ అండ లేదు.

రాత్రి పని తప్పనివారు పగలు చీకటి గదిలో ఏడు గంటలు నిద్రపోవాలి. ఆ నిద్రను ఇంటిల్లిపాదీ కాపాడాలి.