కొత్త కెమెరా, పాత అమానత్

జువ్వలదిన్నెలో పెళ్ళి ఫోటోలు తీసే మా పూర్వ విద్యార్థి ఆందోళనతో వచ్చాడు. "హజ్రత్, కొత్త కానన్ కెమెరా కొన్నాను. నిన్నటి నికాహ్ ఫోటోలు నా లైట్‌రూమ్ 6లో తెరుచుకోవడం లేదు. దొంగ కాపీ వేసుకోమంటున్నారు."

మేము వారించి, తెలిసినవారిని విచారించాము. ముడి చిత్రాలకు సీఆర్3 అనే కొత్త రూపాన్ని కానన్ 2018లో తెచ్చింది. లైట్‌రూమ్ 6కు మార్పుచేర్పులు 2017తోనే ఆగిపోయాయి. చిత్రాలు చెడలేదు, చదివే సాధనమే పాతది. అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో మార్చుకుంటే పాత లైట్‌రూమే వాటిని తెరుస్తుంది.

అసలు ఫైళ్ళకు మరో ప్రతి తీసేవరకు కార్డు చెరపవద్దని కూడా చెప్పాము. ఒక కుటుంబపు శుభదినం అతని చేతిలో ఉంది. పరికరం మారవచ్చు, అమానత్ మారదు.